చేదుకొండ వాకిట ఆకుదొప్ప

హంసావళి రాజ్యానికి ఉత్తరపు పొలిమేరలో, హంసినీ నది ఆవలి ఒడ్డున, చేదుకొండ అనే కొండ ఉంది. పొద్దుటి వెలుగు దాని శిఖరాన్ని ముందు కుంకుమలో ముంచి, పిదప బంగారు నీరు పోసి, చివరకు పచ్చపట్టు కప్పి వదులుతుంది. నడుముకు మబ్బుల ఒడ్డాణం, మెడలో సెలయేటి ముత్యాల పేరు, కొప్పులో అడవిమల్లెల దండ. ఇన్ని సింగారాలున్న కొండకు అంత చేదు పేరు పెట్టినవాళ్ళెవరో గానీ బొత్తిగా రసికులు కారని కింద నుంచి చూసినవాళ్ళు అనుకుంటారు. పైకెక్కి అక్కడి ఆకు ఒక్కటి నమిలాక ఆ మాట మళ్ళీ అనరు.

ఆ ఉదయం ఆ కొండదారిని ఇద్దరు ఎక్కుతున్నారు. ముందు నల్లగుర్రం మీద యువరాజు కువలయుడు. వెనక కంచరగాడిద మీద రాజవైద్యుడు శరభాచార్యులు. కువలయుడి అన్న, హంసావళి మహారాజు ధవళాంగుడు కామెర్లతో మంచం పట్టాడు. పేరుకు ధవళాంగుడే గానీ ఇప్పుడాయన కళ్ళు పచ్చన, గోళ్ళు పచ్చన, చెమట తుడిచిన పైపంచె కూడా పచ్చన. అన్నం వాసన తగిలితే కడుపులో తిప్పుతుంది. ఆస్థానంలోని మందులన్నీ వాడి చూశాక, చేదుకొండ మీద కాపురముండే తీగలవాళ్ళ పసరు తప్ప వేరే దిక్కు లేదని తేలింది. తల్లీ తండ్రీ పోయాక కువలయుణ్ణి భుజాన వేసుకుని పెంచింది ఆ అన్నే. అందుకే అతను సేవకుల్నెవరినీ పంపకుండా తానే గుర్రమెక్కాడు. రాజు మంచం విడిచి రానన్న శరభాచార్యులు ఎందుకో మనసు మార్చుకుని, నది దాటాక వెనకనుంచి వచ్చి కలిశాడు.

కలిసినప్పటి నుంచీ ఆచార్యులకు ఒకటే యావ. "ఎండగా ఉంది యువరాజా, నా కమండలంలో నీళ్ళు ఒక గుక్క తాగి ఇటివ్వండి" అంటాడు. సెలయేరు కనిపించినచోటల్లా కువలయుడు దోసిలితో తాగేస్తున్నాడు. కమండలం మాత్రం ముట్టలేదు. పెద్దాయన ఆప్యాయతకు లోలోపల సంతోషించాడు కూడా.

కొండ నడుమ ఒక లోయ. దాని మీద తీగలతో అల్లిన వంతెన. కువలయుడి గుర్రం సగం దాటిందో లేదో ఎడమవైపు తీగలు పటపటమని తెగాయి. వంతెన పక్కకు ఒరిగింది. గుర్రం సకిలించింది, కాళ్ళ కింద పలకలు ఒక్కొక్కటే లోయలోకి రాలాయి. కువలయుడు కళ్ళెం వదిలేసి, గుర్రం మెడను రెండు చేతులా కావలించుకుని, మడమలతో ఒక్కటి అదిలించాడు. ఆ నల్లగుర్రం గాలిలోకి లేచి ఆవలి గట్టు మీద మోకాళ్ళ మీద పడింది. లేచి దుమ్ము దులుపుకునేసరికి శరభాచార్యులు కంచరగాడిదతో సహా పక్కనే నిలబడి ఉన్నాడు. ఎలా దాటాడని అడగడం ఆ కంగారులో కువలయుడికి తోచలేదు. అన్న పచ్చకళ్ళే అతని కళ్ళముందు ఆడుతున్నాయి.

వంతెన దాటితే తీగలవాళ్ళ పేట. చుట్టూ వెదురు కంచె. లోపలంతా మడులు. ఒక మడిలో నేల ఉసిరి, సన్నటి ఆకుల అడుగున ఆవగింజలంత కాయలు దాచుకుని. ఒక మడిలో గుంటగలగరాకు, తెల్లటి బుల్లి పూలతో. నీటికాలువ గట్టున అటికమామిడి పాకింది. వేపచెట్ల మీదికి తిప్పతీగ ఎగబాకి వేళ్ళాడుతోంది. అన్నిటికంటే ఎక్కువగా, ఎక్కడ చూసినా నేలవేము. దాన్ని తాకిన గాలి కూడా నాలుక మీద చేదుగా తగులుతుంది. కంచె వారన చెరుకుతోట ఒకటి మాత్రం, తప్పిపోయి ఈ చేదు బంధువుల మధ్యకు వచ్చిన కొత్తకోడలిలా తలదించుకుని ఉంది.

వాకిట్లో కొమ్ములు తిరిగిన కర్ర పట్టుకుని ఒక భారీమనిషి అడ్డం నిలబడ్డాడు. పేరు బయ్యన్న. పేటకు కాపలా అతనిది.

"ఎవరైనా సరే, వాకిలి దాటాలంటే దొప్పెడు పుచ్చుకోవాల సామీ. మా ఆచారం" అని మోదుగాకు దొప్పలో నేలవేము కషాయం పోసి ఇచ్చాడు. "అడుగుదాకా తాగాల. తాగినాక దొప్ప చింపెయ్యాల. మరిచిపోవాకండి."

కంచె లోపల పిల్లా పెద్దా గుమిగూడారు. కొత్తవాళ్ళు కషాయం తాగుతుంటే చూడటం వాళ్ళకు తిరునాళ్ళ వేడుక. ఎవడి ముఖం ఎన్ని వంకరలు పోతుందో చూసి నవ్వుకుని, నవ్వించినవాణ్ణి చుట్టంలా లోపలికి తీసుకుపోతారు.

పాపం, కువలయుడికి ఆ సంగతి తెలియదు. హంసావళి రాజకుమారులకు ఊహ తెలిసినప్పటి నుంచీ నేర్పేది ఒకటే. చేదైనా, బాధైనా, ఏది మింగినా ముఖం మీద కనపడకూడదు. అతను దొప్ప అందుకుని, మందిరంలో పానకం తాగినంత తాపీగా తాగాడు. కనుబొమ్మ కదలలేదు. పెదవి ముడవలేదు. అడుగున ఒక గుక్క వదిలి దొప్ప తిరిగి ఇవ్వబోయాడు. అది కూడా అంతఃపురపు మర్యాదే. రాజులు ఏ పాత్రనూ ఖాళీ చేయరు. ఆ చివరి గుక్కను మొక్కల్లో పారబోయడానికి వాళ్ళకు ప్రత్యేకంగా సేవకుడుంటాడు.

"మిగల్చకూడదన్నానా" అని బయ్యన్న కసిరి, ఆ గుక్క కూడా తాగించి, దొప్పను నాలుగు ముక్కలు చేశాడు. అంతలో అతని గొంతు మారింది. "ఒరే, ముఖం చిట్లించలేదురా వీడు. పట్టుకోండి."

కువలయుడు కత్తి మీద చెయ్యి వేసేలోగా తీగలు వచ్చి కాళ్ళకూ చేతులకూ చుట్టుకున్నాయి. విసిరినవాళ్ళు తీగలవాళ్ళు, పేరుకు తగ్గ పనివాళ్ళు. రాజ్యాలు గెలిచిన వంశపు బిడ్డ కాసేపట్లో తాటిచెట్టుకు కట్టిన కల్లుకుండలా వాకిట్లో ఉండిపోయాడు.

లోపలినుంచి ఒక ముసలమ్మ మెల్లగా నడిచి వచ్చింది. పేటకు పెద్ద, పసరు చేసేది ఆమే. అసలు పేరు ఆమెకే గుర్తుందో లేదో, అందరికీ చేదవ్వ. "మా మీద కోపం పెట్టుకోవాక నాయనా" అంది. "శుష్కజిహ్వుడని ఒక మాంత్రికుడున్నాడు. ఎవరి ఎంగిలి తాగితే వాళ్ళ రూపం వస్తుంది వాడికి. అట్టా మా చుట్టంలా వచ్చి ఒకసారి మా మడులన్నీ తగలబెట్టి పోయినాడు. రూపం వస్తుంది గానీ రుచి రాదు వాడికి. చేదు పోసినా ఉలకడు, పలకడు. అందుకనే ఈ దొప్ప."

"నేను హంసావళి యువరాజునవ్వా" అన్నాడు కువలయుడు. "మా ఇంట్లో ముఖం చిట్లించడం తప్పు."

"వాడూ అదే చెబుతాడు" అన్నాడు బయ్యన్న.

ఇదంతా చెవులు రిక్కించి విన్న శరభాచార్యులు తన వంతు దొప్ప అందుకున్నాడు. తాగాడో లేదో కళ్ళు గట్టిగా మూశాడు, ముక్కు ముడిచాడు, నాలుక గడ్డందాకా సాచాడు, ఒళ్ళంతా గజగజ వణికించాడు. పేటంతా పగలబడి నవ్వింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బయ్యన్న అతని వీపు తట్టి లోపలికి తీసుకుపోయాడు.

ఆచార్యులు కూర్చున్న వెంటనే పని మొదలుపెట్టాడు. "అమ్మా, నా వెంట వచ్చింది యువరాజు కాదని ఇప్పుడే తెలిసింది. గుండె గుభేలుమంది. ఆ దుర్మార్గుణ్ణి మీరే చూసుకోండి. కామెర్లతో మంచం పట్టిన మహారాజుకు మందు నేను తీసుకుపోతాను. ఆలస్యమైతే ఆయన దక్కడు" అన్నాడు.

చేదవ్వ నేల ఉసిరి మొక్కలు వేళ్ళతో పెరికి, తడిగుడ్డలో చుట్టి మూట కట్టింది. కడుతూనే చెప్పింది. "కార్జం పక్కన చేదుతిత్తి ఉంటుంది కదా. ఆ చేదు తన దారిన పోకుండా ఒంటికెక్కితే కళ్ళు పచ్చబడతాయి. ఈ మొక్క ముద్దగా నూరి, వెన్న తీసిన మజ్జిగలో కలిపి పరగడుపున ఇవ్వాల. నూనె, పులుపు, ఉప్పు ముట్టనియ్యకూడదు. పాతబియ్యం జావ, చెరుకు రసం, అంతే. ఆకలి పుట్టిందంటే కార్జం కుదుటపడ్డట్టే."

ఇంత చెప్పినా ఆమె చూపు వాకిట్లోని కువలయుడి మీదనే ఉంది. అతని ముఖం మీద కాదు, పాదాల మీద. కషాయం తాగేటప్పుడు ఆ ముఖం శిలలా ఉన్న మాట నిజమే. కాలివేళ్ళు మాత్రం పాదరక్షల్లో రొయ్యల్లా ముడుచుకుపోయాయి, ఇప్పటిదాకా విచ్చుకోలేదు. చేదు తెలియనివాడికి కాలివేళ్ళు ఎందుకు ముడుచుకుంటాయి? ఆమె మూటను ఆచార్యుల చేతికిచ్చి, తాపీగా లేచి లోపలికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు రెండు దొప్పలు తెచ్చింది. రెండింటిలోనూ ఆకుపచ్చటి ద్రవం, పైన నలిపిన నేలవేము ఆకులు.

"ఇందాకటిది పలచనైంది. ఇది చిక్కటిది. ఇద్దరూ ఇంకొక్కసారి పుచ్చుకోండి, నా మనసుకు తృప్తి" అంది. "బయ్యా, ఆ పిల్లాణ్ణి లోపలికి మోసుకొచ్చి చేతులు విప్పు. కాళ్ళు కట్టే ఉంచు."

ఇద్దరూ ఒకేసారి దొప్పలెత్తారు. కువలయుడు ఇందాకటి చేదు తలుచుకుని ఊపిరి బిగబట్టి ఒక గుక్క మింగాడు. కాలివేళ్ళు టక్కున విచ్చుకున్నాయి. అది చెరుకు రసం. కొండ ఎక్కిన అలసట, కట్టుపడిన అవమానం, అన్న మీది బెంగ, అన్నీ ఆ తీపిలో క్షణంపాటు కరిగిపోయాయి. ఎంత రాజకుమారుడైనా తీపి ముందు పసివాడే. అతని పెదవుల మీదికి నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాడు. గుక్క మీద గుక్క తాగి దొప్ప పక్కన పెట్టాడు.

పక్కన శరభాచార్యులు కళ్ళు మూసి, ముక్కు ముడిచి, నాలుక సాచి, గజగజ వణుకుతున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం అతనికి అర్థం కాలేదు. ఒక కన్ను తెరిచి చూశాడు.

"చెరుకు రసం అంత చేదుగా ఉందా ఆచారీ?" అంది చేదవ్వ.

"అతిగా తీపైతే... చేదుగానే..." అని నీళ్ళు నమిలాడు ఆచార్యులు. బయ్యన్న కర్ర లేచింది.

ఆ తరువాతిదంతా రెప్పపాటులో జరిగింది. శరభాచార్యుల ముఖం మైనంలా కరిగి, దాని కింద ఎండిన నాలుక బయటికి వేలాడే ముఖం ఒకటి కనిపించింది. వాడు కర్రల కిందినుంచి జారాడు, మూట చంకలో ఇరికించాడు, కువలయుడి మీదికి ఒక్క దూకు దూకాడు. కొడతాడేమోనని కువలయుడు చేతులు అడ్డం పెట్టుకున్నాడు. వాడు కొట్టలేదు. కువలయుడు పక్కన పెట్టిన దొప్పను ఎత్తి, అడుగున మిగిలిన ఒక్క గుక్కను గొంతులో పోసుకున్నాడు.

అవును, మిగిల్చాడు. ఒకసారి కసిరించుకుని కూడా, పుట్టినప్పటి అలవాటు చొప్పున, తనకు తెలియకుండానే మర్యాదగా ఒక గుక్క మిగిల్చాడు.

పేట మధ్య ఇప్పుడు ఇద్దరు కువలయులు. ఒకడు కాళ్ళు కట్టించుకుని నేలమీద ఉన్నాడు. రెండోవాడు కంచె లోపల కట్టేసిన నల్లగుర్రం ఎక్కి వాకిలి వైపు దూసుకుపోతున్నాడు. వాకిట్లోని కుర్రకారు నిజం యువరాజేనని తేలి అవ్వ వదిలేసిందనుకుని వినయంగా తలుపు తీసి పక్కకు తప్పుకున్నారు కూడా. గిట్టల చప్పుడు గుర్రపుదారి వెంట, వంతెన లేని చుట్టుదారిన, కిందికి దిగిపోయింది.

 కట్లు విప్పుతున్నంతసేపూ కువలయుడు దొప్ప వంకే చూశాడు. "నా మర్యాద నా కొంప ముంచింది అవ్వా" అన్నాడు చివరికి. "ఇక వాడికి మా కోటలో అడ్డేముంది? నా చేత్తో ఇస్తే మా అన్న విషమైనా అడగకుండా తాగుతాడు. ఆయన పోతే సింహాసనం నాది. అంటే వాడిది." ఆ మాటలంటుంటే అన్న మీది బెంగ పైకి వచ్చేసింది. దాచుకోవాలనుకున్నాడు, దాగలేదు.

చేదవ్వ అప్పటికే మడిలో కూర్చుని ఉంది. మళ్ళీ నేల ఉసిరి పెరికి, మళ్ళీ తడిగుడ్డలో చుట్టింది. రెండో చేత్తో నేలవేము కొమ్మలు విరిచి ఇంకో చిన్న మూట కట్టింది. "పెద్దది మీ అన్నకు. చిన్నది నీకు" అంది.

"నాకేం జబ్బు లేదవ్వా."

"ఉంది. ముఖం బిగబట్టే జబ్బు. కోటలో ఇద్దరు తమ్ముళ్ళను చూసి మీ అన్న ఎవరిని నమ్మాల? నలుగురి ముందూ ఈ ఆకు నములు. ముఖం ఎట్టా పోతే అట్టా పోనియ్యి. వాడు చేసేది నేర్చుకున్న ముఖం, ఎప్పుడూ ఒకటే తీరు. నీది నిజం ముఖం. పెంచినవాడికి తేడా తెలుస్తుంది."

నిండుసభలో, మంత్రుల ముందు, సేనానుల ముందు ముఖం వంకర్లు తిప్పడమంటే కువలయుడికి ఒంటిమీద జెర్రి పాకినట్టయింది. కత్తిపోట్లు తినమన్నా ఇంతకంటే సులువుగా ఒప్పుకునేవాడు. అయినా చిన్నమూట అందుకుని నడుముకు కట్టుకున్నాడు.

గుర్రపుదారి కొండను చుట్టి చుట్టి దిగుతుంది. తీగలవాళ్ళకు వేరే దారి ఉంది. దాన్ని దారి అనడానికి ధైర్యం కావాలి. నిట్టనిలువు బండ, దాని మీదినుంచి వేలాడే తిప్పతీగలు. బయ్యన్న ఒక లావుపాటి తీగను లాగి చూసి, "కిందికి చూడవాక సామీ" అని మాత్రం చెప్పాడు.

కువలయుడు పెద్దమూట వీపుకు బిగించి జారాడు. చేతుల కింద తీగ బెరడు ఊడివచ్చింది. బండ మీది నాచుకు పాదాలు జారాయి. సగం దిగేసరికి ఒక గూటిలోంచి డేగ లేచి నెత్తిమీద తన్నింది. తీగ అయిపోయింది, నేల ఇంకా రాలేదు. ఊగి పక్క తీగ పట్టుకున్నాడు, అది తెగింది, తెగుతూ తెగుతూనే ఒక పొదలో దింపింది. ముళ్ళు వదిలించుకుని లేచి, మూటలు తడిమి చూసుకుని, నది వైపు పరుగెత్తాడు. తల ప్రాణం తోకకొచ్చింది గానీ మొక్కల వేళ్ళకు తడి ఆరలేదు.

రేవులో పడవ ఒక్కటే ఉంది. పడవవాడు దాన్ని అప్పుడే కట్టేసి తెడ్డు తుడుస్తున్నాడు. కువలయుణ్ణి చూడగానే వాడి చేతిలో తెడ్డు పైకి లేచింది.

"ఇందాకనే గుర్రంతో సహా దాటించానే నిన్ను. మళ్ళీ ఇటెట్టా వచ్చావు? దగ్గరికొస్తే బుర్ర పగులుద్ది" అన్నాడు.

కువలయుడు వాదించలేదు. వాదనకు పొద్దు లేదు. పడవవాడు చేదుకొండ నీడలో పుట్టి పెరిగినవాడు, ఆ కొండ ఆచారం వాడికి తెలిసే ఉంటుంది. చిన్నమూట విప్పి గుప్పెడు నేలవేము ఆకు నోట్లో వేసుకుని నమిలాడు.

మొదట అలవాటు అడ్డుపడింది. దవడలు బిగుసుకున్నాయి, కాలివేళ్ళు ముడుచుకున్నాయి. అప్పుడు అన్న గుర్తుకొచ్చాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ముక్కు మూసి కషాయం పట్టిన అన్న. ఆ అన్న ఇప్పుడు పచ్చబడిన కళ్ళతో తలుపు వైపు చూస్తూ ఉంటాడు. వచ్చేది తమ్ముడేనని నవ్వుతాడు. కువలయుడి ముఖం విడిపోయింది. కనుబొమ్మలు ఒకటి అటూ ఒకటి ఇటూ పోయాయి, ముక్కు పైకి పాకింది, గడ్డం వణికింది, నాలుకను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దిక్కులు చూశాడు. చేదుకు వచ్చిన నీళ్ళూ బెంగకు వచ్చిన నీళ్ళూ కలిసి చెంపల మీదుగా కారాయి.

పడవవాడు తెడ్డు దించి, కడుపు పట్టుకుని నవ్వాడు. "ఎక్కు నాయనా, ఎక్కు. ఈ ముఖం దొంగిలించేవాడు ఇంకా పుట్టలేదు" అన్నాడు. పడవను ప్రవాహంలోకి తోశాక అడిగాడు. "ఈ ముఖం మీ అన్నగారు ఎప్పుడైనా చూశారా?"

"చూశాడు" అన్నాడు కువలయుడు. "నా చేత మాన్పించింది ఆయనే."

పడవ నది నడుమకు వచ్చేసరికి అవతలి ఒడ్డున, కోటబురుజు మీద నగారా మోగింది. యువరాజు కువలయుడు కోటలో అడుగుపెట్టాడని దాని అర్థం. పడవలో ఉన్న కువలయుడు ఆ మోత విన్నాడు. నీళ్ళ మీద తన నీడ వంక ఒకసారి చూసుకున్నాడు. తరువాత నడుముకున్న మూటలోంచి ఇంకో ఆకు తీసి నోట్లో వేసుకున్నాడు.